మడి కట్టుకున్న మందుల కొట్టు

ఒక పెద్ద అడవిలో తేనెమందు అమ్మే కొట్టు ఒక్కటే ఉండేది. ఏ పుండుకైనా ఆ మందే దిక్కు. కొట్టు నల్లప్ప అనే ఎలుగుబంటిది.

ఒక వేసవిలో నల్లప్పకు భక్తి ముదిరింది. నుదుట అడ్డబొట్లు పెట్టాడు, కొట్టు ముందు తాడు కట్టాడు. "మాంసం తినేవాళ్లకు అమ్మితే నా మడి చెడుతుంది" అన్నాడు. పెరటి గుమ్మంలో మాత్రం బావమరిదిని కూర్చోబెట్టాడు. అక్కడ అదే మందు, రెట్టింపు ధర. పై సొమ్ము పేరు శుద్ధి రుసుము. దేవుడు వీధి గుమ్మమే చూస్తాడు కాబోలు!

ముంగిస సుంకమ్మ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. ముల్లు దిగి పిల్ల కాలు చీము పట్టింది.

"నల్లప్ప మావా, పిల్ల ఒళ్లు కాలిపోతోంది. ఒక్క దొప్పెడు మందియ్యి."

"తాడు దాటకు! పెరటి వైపు పో."

"అంత ఇచ్చుకోలేను."

"నాకు మాత్రం మనస్సాక్షి లేదా ఏమిటే?"

"ఉందిగా, పెరట్లో కూర్చోబెట్టావు!"

సుంకమ్మ సభకెక్కింది. అధ్యక్షుడు అడవిదున్న నెమరు వేస్తూ విన్నాడు.

"ఇక్కడ అన్ని మతాలూ సమానం. కనుక ఏ వర్తకుడూ తన మనస్సాక్షి ఒప్పనివారికి సరుకు అమ్మనక్కర్లేదు" అని డెక్క ముద్ర వేశాడు. గడ్డి తినేవాడికి ఆ తీర్పుతో పోయేదేముంది?

నల్లప్ప పొంగిపోయి అడవంతా చాటింపు వేయించాడు. అది తేనెపట్టు దాకా వినబడింది. మర్నాడు సరుకు కోసం వెళితే రాణి ఈగ అడ్డుపడింది.

"చెదపురుగులు తినే నోరు కదా నీది? పురుగుల్ని తినేవాడికి తేనె అమ్మడం మా మతంలో పాపం."

"చెదలు మాంసమేమిటమ్మా? అవి ఫలహారం!"

"తీర్పు తెచ్చుకున్నది నువ్వేగా, నాయనా."

"అన్యాయం! వ్యాపారంలోకి మతాన్ని లాగుతారా?"

ఈగలన్నీ ఒక్కసారి నవ్వాయి. ఆ తర్వాత కుట్టాయి.

సాయంత్రానికి సుంకమ్మ కూడా పట్టు కిందికి చేరింది.

"నువ్వూ పురుగులు తింటావా?" అంది రాణి.

"తింటాను తల్లీ. పిల్ల ప్రాణం మీద అబద్ధమాడను."

రాణి పిల్ల కాలు చూసింది. "అమ్మడమే మాకు పాపం. ఊరికే ఇవ్వడం కాదు" అని పుండు నిండా తేనె పోయించింది. మూడు రోజుల్లో పిల్ల గెంతింది.

కొట్టు మూతపడింది. వాచిన ముక్కుతో నల్లప్ప ఇప్పుడు ఊరూరా తిరిగి మతసామరస్యం మీద ఉపన్యాసాలిస్తున్నాడు.

నీతి: భక్తిని బేరానికి పెట్టదలిస్తే, ముందు నీకు సరుకిచ్చేవాడు నాస్తికుడో కాదో కనుక్కో.