అధ్యక్షుల వారి గుండు

"రోగాన్ని దాచడం దేశద్రోహం!" ముక్తేశ్వరం క్యాన్సర్ అవగాహన సంఘం అధ్యక్షుడిగా ఈ మాట నేను పద్నాలుగు సభల్లో చెప్పాను. పద్నాలుగుసార్లూ చప్పట్లు మోగాయి.

అలాంటి నా ఇంట్లోనే, మా ఆవిడ నాగదుర్గకి రొమ్ములో గడ్డ తేలింది. ఎంత అప్రతిష్ఠ! అధ్యక్షుడింట్లో క్యాన్సరంటే జనం ఏమనుకుంటారు? రాజమండ్రిలో గుట్టుగా కీమో మొదలుపెట్టించాను. ఆవిడ జుట్టు ఊడిపోయింది. వాడపల్లి వెంకన్నకి మొక్కు తీర్చామని ఊళ్లో చెప్పేశాను. అబద్ధానికి బలం చాల్లేదనిపించి నేనూ గుండు కొట్టించుకున్నాను. త్యాగమంటే అదీ!

మందుకి గడ్డ సగం కరిగింది. "ఇక చాలు కదండీ?" అన్నాను డాక్టర్ రేచల్ గారితో.

"చాలదండి. గడ్డని మళ్లీ పుట్టించే మూలకణాలు కొన్ని ఉంటాయి. మందు పడుతుంటే కదలకుండా పడుకుంటాయి. మధ్యలో ఆపేస్తే లేస్తాయి. ఇంకో నాలుగు డోసులు, ఆపైన ఆపరేషను."

"మా కొబ్బరితోటలో తుంగలాగానా అండీ? మందు కొడితే పైన మాడిపోద్ది, భూమిలో గడ్డ బతికే ఉంటాది," అంది నాగదుర్గ.

"ఆయ్, అచ్చం అంతేనండి!"

నా బాధ వేరు. నా తలమీద అప్పుడే వెంట్రుకలు మొలిచాయి, ఆవిడకి మొలవలేదు! వెంకన్న మొగుడికిచ్చి పెళ్లానికెందుకు ఇవ్వలేదని ఊరు అడగదూ?

"నీకూ జుట్టు మొలవనీ, నాలుగు నెలలాగి వెళ్దాంలే. ఈలోగా సభ కూడా ఉంది," అన్నాను ఇంటికొచ్చాక.

"ఆ కణాలు మీ సభ అయ్యేదాకా ఆగుతాయేంటండీ? నాకు చచ్చిపోతానేమోనని భయంగా ఉందండీ," అంది. నేను ఉపన్యాసం కాగితం వెతుక్కుంటున్నాను.

పదిహేనో సభలో "దాచకండి!" అంటూ బల్ల గుద్దాను. మూడో వరసలోంచి నాగదుర్గ లేచి వచ్చింది. నా చేతిలో మైకు లాక్కుని, తలమీది కొంగు తీసేసింది.

"ఇది మొక్కు కాదండి, మందు. నాకు క్యాన్సరండి. సగం వైద్యమే అయింది. మిగతా సగానికి రేపు వెళ్తున్నాను."

పక్కింటి లక్ష్మీతులసి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వదినగారూ, నాకూ ఇక్కడ గట్టిగా తగులుతోందండీ. ఆరు నెలల్నించీ ఎవరికీ చెప్పలేదు," అని భోరుమంది. నా పద్నాలుగు సభలూ ముందు కుర్చీలో కూర్చుని విన్న మనిషి!

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ రాజమండ్రి బస్సెక్కేశారు. నాకు వెళ్లడం కుదరలేదు. కట్టుకున్న భార్య చేతే నిజం చెప్పించిన ధీరుడినని సంఘం వారు సరిగ్గా ఆ పూటే నాకు సన్మానం పెట్టారు. పెద్దమనుషులు శాలువా పట్టుకు నిలబడితే కాదనగలమా?