పొట్లాల్లో వెళ్లిన ఆనకట్ట

ఉదయం దుకాణం తెరిచేసరికి మేకుల వ్యాపారి చేతిలో ఉన్నవి రెండే: తాళాల గుత్తి, భార్య ఇచ్చిన కాగితాల కట్ట.

"మధ్యాహ్నం లైబ్రరీలో ఇచ్చేయండి, నకళ్లు తీస్తారు," అని ఆవిడ గుమ్మం దాకా వచ్చి చెప్పింది. "నవల చదివితే సరిపోదు, వెనక సంగతులూ తెలియాలి. రాసినాయన ఎవరు, అందులోని ఆనకట్ట నిజంగా ఎలా కూలింది, అన్నీ వెతికి టైపు చేయించాను. ఈసారీ చర్చకు జనం రాకపోతే లైబ్రరీలో మన గదిని విరిగిన కుర్చీలకి ఇచ్చేస్తారట."

పుస్తక చర్చకు వచ్చేది ఆవిడ, ఆవిడ చెల్లెలు, ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చే ఒక పెద్దాయన. ఆ గది పోతే భార్య ముఖం ఎలా ఉంటుందో వ్యాపారికి తెలుసు. అందుకే కట్టను భద్రంగా గల్లాపెట్టె పక్కన బోర్లించాడు. రోజూ చిత్తుకాగితాలు ఉండే చోటు అదే.

ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. నోరు బేరమాడుతుంటే చేతులు పొట్లం కట్టేస్తాయి. వడ్రంగికి మేకులు వెళ్లాయి. కుట్టుపని ఆవిడకు కొక్కేలు, ప్లంబరుకు మరలు వెళ్లాయి. ఎండెక్కేసరికి కట్టలో ఒక్క కాగితమే మిగిలింది. "పాతకాలపు ఆనకట్ట: మన నవల నేపథ్యం" అని దానిమీద ఉంది. ఇది ఎప్పటి సంగతో చెప్పే కాగితం అదొక్కటే. అప్పుడుగానీ వ్యాపారి తన చేతులేం చేశాయో చూసుకోలేదు.

దుకాణం మూసి పరుగున వెళ్లేసరికి వడ్రంగి రంపం పక్కన పెట్టి చదువుతున్నాడు.

"షావుకారుగారూ, ఆనకట్టకి పగుళ్లొచ్చాయట. చీకటి పడేలోగా ఊరు ఖాళీ చెయ్యాలట."

"అది కథకి సంబంధించిందయ్యా. ఇటివ్వు."

"కథైతే మేకులు కట్టి ఎందుకిచ్చారు?"

వడ్రంగి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పటికే వార్త ఆయన కన్నా ముందు నడుస్తోంది. కుట్టుపని ఆవిడ మిషనును దుప్పట్లో మూట కడుతోంది.

"అన్నయ్యా, వదినని తీసుకుని మీరూ కదలండి. ప్లంబరు స్వయంగా చదివాడు."

"చెల్లెమ్మా, ఆ ఆనకట్ట మన తాతలు పుట్టకముందే కూలింది."

"అయ్యో, మరి అక్కడివాళ్లేమయ్యారు?"

"నాకేం తెలుసు? సాయంత్రం లైబ్రరీలో మీ వదిన చెబుతుంది. ముందా కాగితం ఇవ్వు."

"అక్కడికే తెస్తాలెండి," అని ఆవిడ కాగితాన్ని మూటలోకి తోసింది.

వీధి మలుపులో ప్లంబరు చుట్టూ జనం పోగయ్యారు. "సాయంత్రం లైబ్రరీకి రండి, అంతా అక్కడ తెలుస్తుంది," అని వ్యాపారి మొత్తుకున్నాడు. నాలుగిళ్లు దాటేసరికి ఆ మాట ఆనకట్ట గురించి అత్యవసర సమావేశమై కూర్చుంది.

సాయంత్రం మిగిలిన ఒక్క కాగితంతో ఆయన లైబ్రరీ మెట్లెక్కాడు. గదిలో కాలు పెట్టే చోటు లేదు. కుర్చీలు చాలక జనం మూటల మీదే కూర్చున్నారు. భార్య కళ్లు మెరుస్తున్నాయి. పెద్దాయన మొదటిసారి మెలకువగా ఉన్నాడు.

ప్లంబరు లేచాడు. "అమ్మా, ముందొకటి చెప్పండి. నీళ్లెప్పుడొస్తాయి?"

"మూడో అధ్యాయంలో," అంది ఆవిడ.

తలలన్నీ వ్యాపారి వైపు తిరిగాయి. ఆయన కప్పులోని దూలాలను శ్రద్ధగా పరిశీలించసాగాడు. కొందరు మూటలు ఎత్తుకున్నారు కూడా.

అప్పుడు వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. "ఆ ఆనకట్ట కాపలావాడు గంట కొట్టాడా లేదా? నా కాగితం సరిగ్గా అక్కడే అయిపోయింది."

"దాని తర్వాతిది నా దగ్గరుంది," అంది కుట్టుపని ఆవిడ, మూట విప్పుతూ.

ఎత్తిన మూటలు మళ్లీ కిందికి దిగాయి. దీపాలార్పే వేళైనా ఎవరూ కదల్లేదు. గది మీదేనని లైబ్రేరియనే చెప్పి వెళ్లాడు.

అందరూ వెళ్లాక భార్య, "నాకోసం ఇంటింటికీ తిరిగారట," అంది.

"కాగితాలు... పంచాను," అన్నాడాయన.

ఆవిడ ఒక కాగితం మడతలోంచి చిన్న మేకు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇదీ పంచారా?"

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ ఆ అరచేతిని మూసి, వదలకుండా పట్టుకుంది. "నేను చెప్పినట్టే మీరు చేసుంటే ఇవాళా ముగ్గురమే ఉండేవాళ్లం. మీ చేతులకి దణ్ణం పెట్టాలి."

దారిలో ఆయన లెక్క చూసుకున్నాడు. పోయింది ఒక పూట బేరం. వచ్చింది ఒక గది, గదినిండా మనుషులు, ఇల్లు చేరేదాకా చెయ్యి వదలని భార్య, పైగా అమ్మిన సరుకులో ఒక మేకు వాపసు.