చెట్టు మీద ఫిర్యాదు

పురపాలక భవనం వెనకున్న ముసలి చెట్టు అభివృద్ధికి వ్యతిరేకంగా ప్రచారం చేస్తోందని ఫిర్యాదు అందింది. ఫిర్యాదు చేసింది స్వయంగా నగర అధ్యక్షులవారే గనుక విచారణకు ముందే నేరం రుజువైపోయింది.

జరిగిందేమిటంటే, వాతావరణ శాఖలో పనిచేసే శాస్త్రవేత్త ఒకామె ఆ చెట్టుకు చెక్క తొలిచే బోలు బరమా దించి, లోపలి నుంచి పెన్సిలంత పుల్లను బయటికి లాగి, భూతద్దం కింద పెట్టి చూసింది. చెట్టుకు ఏటికో వలయం. వానలు దండిగా పడితే వెడల్పు, ఎగ్గొడితే సన్నం. మూడువందల ఏళ్లు లెక్కపెడితే, సుమారు అరవై ఏళ్లకోసారి ఏడెనిమిది వలయాలు వెంట్రుకల్లా ఒకదాన్నొకటి అంటుకుని కనిపించాయి. అంటే వరసగా ఏడెనిమిదేళ్లు కరువు. కిందటిది పోయి యాభై తొమ్మిదేళ్లయింది.

సరిగ్గా ఆ నెలలోనే ఊరి చివర, ఇంటికో ఈతకొలనుతో వెయ్యిళ్ల కాలనీకి పునాదులు పడుతున్నాయి. అందులో ఒకటి ఆమె తమ్ముడిది.

"ఒరేయ్, వద్దురా. అక్కడ నీళ్లుండవు" అని పోరింది.

"చెట్టు మాట విని ఇల్లు మానుకున్నానంటే నలుగురూ నవ్వుతారక్కా" అన్నాడు తమ్ముడు. నిజమే. కరువునైనా తట్టుకోవచ్చు, నలుగురి నవ్వును తట్టుకోలేం.

ఆమె నివేదిక పంపింది. పై అధికారి విశాల హృదయుడు, విసుక్కోలేదు. "కరువంటే జనం కంగారుపడతారమ్మా. 'నేలకు విశ్రాంతి కాలం' అని మార్చు" అన్నాడు. ఆమె మార్చనంది. దాంతో నిజనిర్ధారణ సంఘం వేశారు. పెన్సిలంత పుల్లను పదకొండుమంది సభ్యులు ఒకేసారి చూడలేరు కదా! అందరికీ సమానావకాశం కల్పించడానికి చెట్టును మొదలంటా కోయించారు. రంపానికి అడ్డంగా నిలబడిన శాస్త్రవేత్తను "శాస్త్రానికి అడ్డుపడకమ్మా" అని మెత్తగా మందలించారు.

అధ్యక్షులవారు మొద్దు పక్కన నిలబడి ప్రసంగించారు. "చూశారా? లోపల చిన్న వలయం, బయటికి వచ్చేకొద్దీ పెద్దది, ఇంకా పెద్దది! దీన్నే అభివృద్ధి అంటారు!" చప్పట్లు ఆగలేదు.

ఆమెను పాత ఫైళ్ల గదికి బదిలీ చేశారు. కాగితం కూడా చెట్టు నుంచే వస్తుంది గనుక వృత్తికి దూరం చేసినట్టు భావించరాదని ఉత్తర్వులో ఓదార్చారు.

రెండో వేసవికి కొలనులు ఎండి, పిల్లలు వాటిలో బంతాట మొదలెట్టారు. క్రీడలు వర్ధిల్లుతున్నట్టు సంఘం నమోదు చేసుకుంది. తమ్ముడికి సాయంగా ఆమె నీళ్ల ట్యాంకరు వరసలో నిలబడింది.

"నువ్వు ముందే చెప్పావు, కాదనను. కానీ గట్టిగా చెప్పలేదక్కా" అన్నాడు తమ్ముడు నిష్ఠూరంగా. వరసలో వాళ్లంతా అవునవునన్నారు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"సరేగానీ, కాస్త ఈ బకెట్ చూస్తుండు. రెండో విడత ఇళ్లకు పేర్లు రాసుకుంటున్నారట, ఇచ్చి వస్తా" అని వాడు పరుగెత్తాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వరస పొడుగునా బకెట్లే ఉన్నాయి. మనుషులు లేరు.