శాశ్వతంగా మూసిన వీధి

ఊరి బయటినుంచి పెద్ద రోడ్డు పడ్డాక పాత బజారు వీధికి గిరాకీ పడిపోయింది. సగం షట్టర్లు దిగిపోయాయి. మిగిలిన దర్జీ, బేకరీ బాబాయి, చెప్పుల మేస్త్రి ఒక్కటై, ఇంటర్నెట్‌లో ముగ్గురికీ కలిపి ఒకే పేజీ పెట్టి, వచ్చిన ఆర్డర్లన్నీ ఒకే బండి మీద ఇళ్లకు పంపాలని తీర్మానించుకున్నారు. ఆ ఉదయం ఆ పని దర్జీ మరిది నెత్తిన పడింది. అతను ఫోన్లు బాగుచేస్తాడు గనుక ఇంటర్నెట్ కూడా అతని చేతిలో పనేనని వీధి నమ్మకం.

"మ్యాపులో మన షాపులు రెండేసి సార్లు ఉన్నాయి వదినా. పాతవి తీసేస్తున్నా," అన్నాడు మరిది, చకచకా నొక్కుతూ.

"తీసెయ్, తీసెయ్," అంది దర్జీ, సూదిలో దారం ఎక్కిస్తూ.

అతను తీసేసినవి పాతవి కావు. కాసేపటికి మ్యాపులో మూడు షాపుల కిందా ఎర్రక్షరాలు వెలిశాయి: 'శాశ్వతంగా మూసివేశారు.'

సంగతి ఆ ముగ్గురికీ తప్ప అందరికీ తెలిసిపోయింది. ముందుగా ఒకావిడ రొప్పుతూ వచ్చి, సగం కుట్టినా సరే తన కోటు ఇచ్చేయమంది. ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన బూట్ల కోసం ఒకాయన మేస్త్రి మీద పడ్డాడు. బేకరీలో ఎవరో "దర్జీ షాపు ఎత్తేశారటగా" అనేసరికి బాబాయి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

"కలిసి ఉందామని చెప్పి నువ్వే బిచాణా ఎత్తేస్తావా తల్లీ?"

"నేనా? మీరే ఎత్తేస్తున్నారని మేస్త్రి ఇప్పుడే చెప్పాడు!"

"నాకు ఈ బూట్లాయన చెప్పాడు," అన్నాడు మేస్త్రి. "అయినా మీ ఇద్దరికీ మొదట్నుంచీ నేనంటే లెక్కలేదులే."

ముగ్గురూ నడివీధిలో గొంతులు పెంచారు. అంతలో రిటైరైన టీచరమ్మ పూలగుత్తితో వచ్చి, దర్జీ చెయ్యి పట్టుకుని కళ్లొత్తుకుంది.

"ఎంత చక్కగా కుట్టేదమ్మా ఆవిడ! చివర్లో బాగా బాధపడిందా?"

"ఎవరండీ?"

"అదే, దర్జీ."

"దర్జీని నేనేనండీ!"

టీచరమ్మ నుదుటి మీది కళ్లజోడు దించుకుని చూసింది. పూలు ఇవ్వాలో దాచుకోవాలో ఆవిడకు తోచలేదు. దర్జీ చూపు మాత్రం తిన్నగా మరిది మీదికి పోయింది. అతను ఫోన్ తీసి చూసుకున్నాడు.

"వదినా... పొరపాటున అందరినీ మూసేశాను."

అప్పటికే ఆఖరి చూపుకని వచ్చినవాళ్లతో వీధి నిండిపోయింది. షాపులు నిక్షేపంలా ఉన్నాయని తెలిశాక ఉత్త చేతులతో వెళ్లడానికి వాళ్లకు మొహం చెల్లలేదు. టీచరమ్మ రెండు జాకెట్లకు కొలతలిచ్చింది. బేకరీ అలమారాలు మధ్యాహ్నానికే ఖాళీ అయ్యాయి. "ఇంత దూరం మాటిమాటికీ రాలేం, ఇంటికి పంపరూ?" అని ఒకరు అడగ్గానే మరిదికి ప్రాణం లేచొచ్చింది. అడిగినవాళ్ల ఫోన్‌లోనే ముగ్గురి కొత్త పేజీ తెరిచి చూపించాడు. మిగతావాళ్లూ ఫోన్లు చాచారు. సాయంత్రానికి ఒక్క బండి చాలక బాబాయి తన అల్లుణ్ణి బండితో సహా పిలిపించాడు.

మరిది మ్యాపు సరిచేస్తుండగా, ఎన్నడో వ్యాపారం మానుకున్న పుస్తకాల షాపాయన పక్కన చేరాడు.

"బాబూ, నా షాపు కూడా మూసేసినట్టు పెట్టవూ?"

"మీది నిజంగానే మూసుంది కదండీ!"

"అక్కడే వచ్చింది చిక్కు. ముందు తెరవాలి," అని ఆయన దర్జీని కుట్టుమిషన్ నూనె అడిగి పుచ్చుకుని, తుప్పు పట్టిన తన షట్టరు తాళం వైపు నడిచాడు.