నూటికి నూరు పిచ్చుక గూళ్లు

ఇకమీదట రాష్ట్రంలో ఏ పిచ్చుకా ఇల్లు లేదని కంటతడి పెట్టరాదని పక్షి సంక్షేమ శాఖ మంత్రిగారు శపథం చేశారు. పిచ్చుకల కష్టం ఇంతగా తెలిసిన మంత్రి దొరకడం మన పూర్వజన్మ సుకృతం. మైపాడు దారిలోని ఒక పల్లెలో ఇంటికొక చెక్కగూడు చొప్పున పెరళ్లలో బిగించారు. సోమవారం మంత్రిగారే వచ్చి చూస్తారన్నారు.

పంచాయతీ సెక్రటరీ జీవానందం శనివారానికల్లా నూరు శాతం పూర్తి చేశాడు, పిచ్చుకలు తప్ప.

గూళ్లకు వడ్రంగి ఖాదర్ మొహిద్దీన్ గుండ్రంగా, ముచ్చటగా రంధ్రాలు పెట్టాడు. తర్వాత పైనుంచి మంత్రిగారి ఫోటో స్టిక్కర్లు వచ్చాయి. గూటికి ముందువైపు, నడిమధ్యన అంటించాలని ఆర్డరు. అంటించారు.

"సార్, ఇప్పుడు పిచ్చుక యాడ నుంచి పోవాల?" అన్నాడు ఖాదర్.

ఎంపీడీవో కిషోర్ బాబు తడిమి చూశాడు. స్టిక్కరు వెనక రంధ్రం సరిగ్గా మంత్రిగారి నోటి దగ్గర ఉంది.

"అయ్యగారి మొహానికి బొక్క పెట్టమంటావా? ప్రోటోకాల్ తెలుసా నీకు?"

ఖాదర్‌కు తెలియదు. జీవానందానిది ఇరవై ఏళ్ల సర్వీసు, బాగా తెలుసు.

ఊళ్లో పిచ్చుకలు లేకపోలేదు. ఇందిరమ్మ అనే రైతమ్మ ఏటా కోతలు కాగానే పిచ్చుకల కోసం తన వసారాలో వరికంకుల కుచ్చు కడుతుంది. దాని పక్కనే, పాడైపోయిన కరెంటు మీటరు డబ్బాలో ఒక జంట నాలుగు పిల్లల్ని చేసింది. అది అనుమతి లేని కాపురమని ఎంపీడీవో తేల్చాడు. ఆయన ఆదేశం మీద సోమవారం పొద్దున్నే జీవానందం పిల్లల్ని తీసి, పెరట్లోని సర్కారు గూటి వెనక తలుపు తెరిచి లోపల పెట్టాడు.

"తల్లి మేత పెట్టకుంటే సాయంత్రానికి చచ్చిపోతాయి నాయనా," అంది ఇందిరమ్మ.

"పదకొండుకల్లా మంత్రిగారు వచ్చేస్తారమ్మా. ఆయన పోంగానే తీసేస్తా."

పదకొండయింది. పన్నెండూ అయింది. తల్లి పిచ్చుక ముక్కున పురుగు పట్టుకుని మంత్రిగారి నోటి మీద పొడుస్తూనే ఉంది. విలేకరి ఫోటో తీసి, 'మంత్రిగారికి గోరుముద్దలు' అని అక్కడికక్కడే శీర్షిక పెట్టేశాడు. జీవానందం జేబులోంచి పెన్ను తీశాడు. ఎంపీడీవో మొహం చూసి మళ్లీ పెట్టుకున్నాడు. లోపల అరుపులు సన్నబడుతున్నాయి. రెండింటికి జీవానందంతో సహా అందరూ స్కూల్లో భోజనాలకు వెళ్లారు.

మంత్రిగారు నాలుగున్నరకు వచ్చి గూటికి చెవి ఆనించారు. చడీచప్పుడూ లేదు.

"విన్నారా ఈ ప్రశాంతత? కడుపు నిండిన పిల్లలు ఇట్లే నిద్రపోతాయి!"

చప్పట్లు మోగాయి. జీవానందం కూడా కళ్లు తుడుచుకుంటూ కొట్టాడు. మంత్రిగారు అవి ఆనందబాష్పాలనుకుని భుజం తట్టారు.

కార్లు కదిలాయో లేదో, జీవానందం పరిగెత్తి, వెనక తలుపు సంగతే మరిచిపోయి, పెన్నుతో మంత్రిగారి నోరు చీల్చి లోపలికి చూశాడు. గూడు ఖాళీ. వసారాలోంచి కిచకిచలు వినిపించాయి.

"మీరు బువ్వకు పోయినప్పుడే తీసి మీటరు డబ్బాలో పెట్టేసినా," అంది ఇందిరమ్మ. "మంత్రులు ఏనాడు టయానికి వచ్చినారు నాయనా?"

వారం తిరక్కుండా జీవానందానికి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, లబ్ధిదారులను కంటికి రెప్పలా చూసుకున్నందుకు ప్రశంసాపత్రం. రెండోది, మంత్రివర్యుల నోరు ఎందుకు చించావో మూడు రోజుల్లో చెప్పమని నోటీసు. నోటీసుతోపాటు కొత్త స్టిక్కరు కూడా పంపారు. ఈసారిది ప్లాస్టిక్‌ది, చిరగదట.