తెర వెనక సింహభాష

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద నగరం ఉండేది. అడవి ఎక్కడ అయిపోయి నగరం ఎక్కడ మొదలవుతుందో అక్కడి జంతువులకే తెలిసేది కాదు, ఎందుకంటే నిన్న అడవిగా ఉన్నది ఇవాళ నగరమయ్యేది. చైనా దేశంలో, వెదురు ఏపుగా పెరిగే చోట ఉన్న ఆ నగరానికి మన నల్లమల నుంచి ఓబులేశు అనే గోరింక ఒక బడిలో ఉద్యోగం కోసం వెళ్లాడు.

ఓబులేశుకు సింహభాష వచ్చు. ఒకప్పుడు సముద్రం అవతలి సింహద్వీపం నుంచి వచ్చిన సింహాలు నల్లమలను ఏలాయి. అవి పోయి చాలా కాలమైంది గానీ, ఇవాళ్టికీ నల్లమలలో గర్జించడం వస్తేనే మర్యాద. అందుకని ఓబులేశు గుడ్డులోంచి బయటపడుతూనే గర్జన నేర్చాడు. సొంత కూత తర్వాత తీరిగ్గా నేర్చుకున్నాడు.

నగరంలో దిగిన రోజు రోడ్డు దాటుదామని నిలబడ్డాడు. అడవిపందులు హారన్ మోగిస్తూ అటూ ఇటూ పోతున్నాయి, కొన్ని ఎదురుగా కూడా వస్తున్నాయి. తాబేళ్లు సైతం ఎవరికీ దారివ్వడం లేదు. పక్షి కదా, ఎగిరి పోవచ్చుగా అని మీరంటారు. ఆ నగరంలో ఎగరడానికి పర్మిట్ కావాలి. పర్మిట్ ఇచ్చే ఆఫీసు రోడ్డుకు అవతల ఉంది.

చివరికి ఒక ముసలి కొంగమ్మ కూరల సంచీతో ఎటూ చూడకుండా రోడ్డులోకి దిగింది. పందులన్నీ ఆమెను తప్పించుకుని సాగిపోయాయి. ఓబులేశు కళ్లు మూసుకుని ఆమె వెనకే నడిచాడు.

ఆఫీసులో అందరూ బల్లల మీద తలలు వాల్చి నిద్రపోతున్నారు. మన ఆఫీసుల్లోనూ నిద్రపోతారు గానీ ఇంత క్రమశిక్షణతో కాదు. లేచాక పర్మిట్ ఇచ్చారు, బడిలో ఉద్యోగం ఉన్నంతకాలమే అది చెల్లుతుందని చెప్పారు. ప్రయాణంలో గొంతు పట్టేసిందంటే వేడినీళ్లు ఇచ్చారు. కాలు బెణికిందంటే వేడినీళ్లు ఇచ్చారు. ఇంటిమీద బెంగగా ఉందని నోరు జారితే ఇంకాస్త వేడినీళ్లు పోశారు.

వాడు అద్దెకు దిగిన చెట్టు మీద వారం తిరక్కముందే ఎర్రరంగు గుర్తు పడింది. గుర్తు పడితే కొట్టేస్తారని అర్థం. పొద్దున డ్యూటీకి వెళ్లి సాయంత్రం వచ్చేసరికి చెట్టు లేదు, ఆ స్థలంలో నూడుల్స్ అంగడి ఉంది. అంగడివాడు నొచ్చుకుని ఒక గిన్నె ఉచితంగా పెట్టాడు. అది తింటూ ఓబులేశు, ఈ ఊరి మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టమే అనుకున్నాడు.

ఇక ఉద్యోగం సంగతి. బడి పేరు ఉత్తమోత్తమ సింహభాషా పాఠశాల. దాని డైరెక్టర్ ఫాన్ గారనే పాండా. ఆయన జన్మలో ఎవరికీ కాదని చెప్పలేదు, అవునని కూడా చెప్పలేదు. పనులు నడిపేది హౌ అనే కోతి, మేనేజరు. హౌ ఓబులేశును ఒకసారి ముందునుంచి, ఒకసారి పక్కనుంచి చూశాడు.

"నువ్వు సింహంలా లేవే," అన్నాడు.

"నేను గోరింకను సార్. సింహభాష వచ్చినోళ్లు కావాలని ప్రకటన వేసినారు గదా. సింహాలే కావాలని యాడా రాయలేదే."

"నీ భాష బాగుంది, నేను కాదనను. కానీ తల్లిదండ్రులు చెవులతో ఫీజు కట్టరయ్యా, కళ్లతో కడతారు. వాళ్లకు జూలు కనబడాలి."

జూలు అప్పటికే సిద్ధంగా ఉంది. ఉత్తరాన మంచు మైదానాల నుంచి బతుకుతెరువుకు వచ్చిన బోర్కా అనే తెల్ల పొట్టేలును హౌ ముందే పట్టుకొచ్చి, ఉన్నిని దువ్వి, ఎగదువ్వి, మెడచుట్టూ పళ్లెమంత చేశాడు. సింహభాషలో బోర్కాకు ఒక్క ముక్క రాదు. ఏర్పాటు ఏమిటంటే, బోర్కా తెర ముందు నిలబడి నోరు ఆడించాలి, ఓబులేశు తెర వెనక వెదురు గొట్టంలో పాఠం చెప్పాలి.

ఓబులేశుకు ఒళ్లు మండింది. "నా పిల్లోళ్లకు నేను కనపడొద్దా సార్?" అన్నాడు. అప్పటికి వాడికి పిల్లలెవరూ లేరు, బడిపిల్లల్నే అలా అనేశాడు.

"వార్షికోత్సవం నాడు నిన్ను తెర ముందుకు తెచ్చి పరిచయం చేస్తాం," అన్నాడు హౌ. "అంతే కదండీ, ఫాన్ గారూ?"

"పరిశీలిద్దాం," అన్నాడు పాండా, వెదురు నములుతూ.

మన ఊళ్లో 'చూద్దాం లెండి' అంటే ఏమిటో ఓబులేశుకు బాగా తెలుసు. కానీ పరదేశంలో అదే మాట పరాయిభాషలో వింటే ఎందుకో నమ్మబుద్ధేసింది. ఆ నమ్మకంతోనే చేరాడు.

వాడు మంచి గురువు, ఆ మాట చెప్పుకోవాలి. పాండా పిల్లలు, పంది పిల్లలు, నెమలి పిల్లలు గొంతు కలిపి సింహభాషలో పద్యాలు చెబుతుంటే, తెర వెనక వాడికి కళ్లు చెమర్చేవి. గురువు నోట ఏది వస్తే అది అక్షరం తప్పకుండా అందరూ ఒక్కసారిగా అనాలన్నది ఆ బడి పద్ధతి. వాడి నల్లమల యాస కూడా వాళ్లకు అతుక్కుంది.

పేరు మాత్రం బోర్కాకు వచ్చింది. తల్లులు బోర్కా పక్కన నిలబడి ఫోటోలు దిగారు. విందులకు పిలిచి, పెద్దపీట వేసి, వద్దన్నా గ్లాసు నింపారు. ఓబులేశుకు పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు పోతే, హౌ ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పంపాడు.

"నాకు తల కొట్టేసినట్టుగా ఉందన్నా," అన్నాడు బోర్కా ఒక సాయంత్రం. "నీ కష్టం నేను తింటున్నాను."

"నీ తప్పేముందిలే తమ్మీ. నువ్వు గడ్డి తినేటోడివి, నిన్ను పట్టుకొచ్చి సింహం జేసినారు. వార్షికోత్సవం రానీ, నా మొగం జూపిస్తా."

వార్షికోత్సవం వచ్చింది. పక్క బడుల కన్నా ఒక మెట్టు పైన ఉండాలని ఫాన్ గారు అసలు సింహద్వీపం నుంచే ముఖ్య అతిథిని పిలిపించారు. వచ్చింది ఆడసింహం. ఆమెకు జూలు లేదు. మొదటి వరుసలో కూర్చున్న తల్లిదండ్రులు ఆమె మెడవైపు చూసి, ఒకరివైపొకరు చూసుకున్నారు.

తెర వెనక నుంచి ఓబులేశు అందిస్తుంటే పిల్లలు పద్యం చెప్పారు. ఆడసింహం ముచ్చటపడి లేచింది. "ఎంత చక్కగా పలికారమ్మా. మీ గురువుగారిని ఒకసారి దగ్గరగా చూడాలి," అంటూ వేదిక ఎక్కింది.

ఇంతమందీ మరిచిపోయిన సంగతి ఒకటుంది. బోర్కా పొట్టేలు. సింహం తనవైపు నడిచొస్తుంటే పొట్టేలు ఏం చేస్తుందో బోర్కా అదే చేశాడు. వెనక్కి వెనక్కి జరిగి, తెరలో చుట్టుకుని, దాంతోపాటు వెల్లకిలా పడ్డాడు. వెనక వెదురు గొట్టానికి ముక్కు ఆనించిన ఓబులేశు ఊరందరికీ కనబడ్డాడు. కింద పడ్డ బోర్కా ప్రాణభయంతో గట్టిగా "మే" అన్నాడు.

పద్ధతి ప్రకారం పిల్లలందరూ "మే" అన్నారు.

ప్రతి తండ్రీ తన వీధిలో ఈ బడి గురించి ఎన్ని గొప్పలు చెప్పుకున్నాడో గుర్తు చేసుకున్నాడు. ఫాన్ గారు జీవితంలో మొదటిసారి నమలడం ఆపి, నెమ్మదిగా చప్పట్లు కొట్టారు.

"సింహభాషలో అతిథిని పలకరించే అత్యున్నత పద్ధతి ఇది," అన్నారు.

ఊపిరి పీల్చుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇది గొర్రె అరుపు," అంది ఆడసింహం, ఏమీ అర్థం కాక. "ఇతనికి మా భాష రాదు. పిల్లలకు చెప్పింది ఈ పక్షి. నేను విన్న గొంతు ఆ గొట్టంలోంచి వచ్చిందే."

ఒక పంది తండ్రి వినయంగా లేచి నిలబడ్డాడు. "అమ్మా, తమరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. మా సారుకు జూలుంది. తమరికి లేదు. తమరిది ఏ మారుమూల యాసో మాకెలా తెలుస్తుంది?"

ఆడసింహం జవాబు చెప్పేలోపే హౌ పరుగున వచ్చి ఆమె చేతిలో ఒక గ్లాసు వేడినీళ్లు పెట్టాడు.

పరువైతే దక్కింది. దానివల్లే కొంప మునిగింది. సింహభాష అంటే 'మే' అని ఊరంతా ఒప్పుకున్నాక, అది చెప్పడానికి బడికి ఓబులేశు అక్కర్లేదు, ఫాన్ గారి బడే అక్కర్లేదు. మంచు మైదానాల నుంచి పొట్టేళ్లు గుంపులుగా దిగాయి. వీధికో బడి వెలిసింది. హౌ ఫాన్ గారి ఉద్యోగం వదిలేసి, ఎదురుగానే ఇంకా పెద్ద జూలుతో బడి పెట్టాడు. పోతూ పోతూ బోర్కాను తీసుకుపోయాడు.

ఫాన్ గారు ఖాళీ బెంచీల మధ్య ఓబులేశును కూర్చోబెట్టి, స్వయంగా టీ పోశారు.

"నువ్వు కోరినట్టే ఇక తెర ముందుకు రా. పరిశీలించాను. ఒక్క ఉన్ని కోటు తొడుక్కో. పాఠం పెద్దగా ఏమీ ఉండదు, నీకు తెలిసిందే."

ఓబులేశు కోటును చేత్తో తడిమి చూశాడు. మెత్తగానే ఉంది. వద్దంటే ఉద్యోగం పోతుంది, దాంతో పర్మిట్ పోతుంది. ఇన్నాళ్లూ పిల్లల ముందు నిలబడాలనే కదా పడి ఉన్నాడు.

"వాళ్ల ముందర నిలబడి ఆ మాట అనలేను సార్," అన్నాడు. "కనపడకపోయినా పర్లేదు, అది మాత్రం నాతో కాదు."

"పరిశీలించుకో," అన్నారు ఫాన్ గారు.

"పరిశీలించేసినా సార్."

మూటతో రోడ్డు పక్కకు వచ్చేసరికి పిల్లలు నిలబడి ఉన్నారు. అందరూ ఒక్కసారిగా, స్వచ్ఛమైన సింహభాషలో, నల్లమల యాసతో, "నమస్కారం గురువుగారూ" అన్నారు.

ఓబులేశు నిలువునా కదిలిపోయాడు. "నేనే గురువునని ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొదటి రోజే సార్," అంది ఒక నెమలి పిల్ల. "తెర కింద మీ పసుపు కాళ్లు కనబడేవి. బోర్కా సారువి గిట్టలు కదా."

"మరి ఏంటికి చెప్పలేదమ్మా?"

"మీరు దాక్కున్నారు కదా సార్. చూశామని చెబితే మీ పరువు పోతుందని."

"ఇంట్లో ఏం మాట్లాడతారు ఇప్పుడు?"

"ఇంట్లో 'మే' అంటాం సార్. లేకపోతే నాన్న పరువు పోతుంది."

ఆ మాట మీద హౌ గారి బడి గంట మోగింది. పిల్లలు వాడికి వంగి దండం పెట్టి, వరుసగా రోడ్డు దాటి, లోపలికి వెళ్లిపోయారు. కాసేపటికి అటునుంచి అందరి గొంతులూ కలిసి 'మే' వినిపించింది.

నీతి: పిల్లలకు నిజం ఇట్టే కనబడుతుంది, కాబట్టి ఆలస్యం చేయకుండా వాళ్లను మంచి బడిలో వేయాలి.