గడపలో ఇరుక్కున్న యంత్రం

ఆ ఉదయం చీపుర్ల షావుకారు వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. పదింటికల్లా యంత్రం ముందు గదిలో ఉండాలి. పన్నెండింటికల్లా అదే యంత్రం పెరట్లో ఉండాలి. యంత్రానికి చక్రాలున్నాయి, తోయడానికి బావమరిది ఉన్నాడు. ఇక భయమెందుకు?

ఇంత తిప్పలు ఎందుకంటే ఆయన ఇల్లు హద్దు మీద పడింది. ముందు గది మున్సిపాలిటీది. వంటిల్లూ పెరడూ ప్రాంతీయ మండలివి. హద్దురాయి సరిగ్గా నడిమి గడప కింద ఉంది. కాలవ పూడిందని వెళ్తే మున్సిపాలిటీ వాళ్ళు మండలి వైపు చూపించేవారు, మండలి వాళ్ళు మున్సిపాలిటీ వైపు చూపించేవారు. పన్ను నోటీసు మాత్రం ఇద్దరి దగ్గర్నుంచీ దారి తప్పకుండా వచ్చేది. ఇరవై ఏళ్ళ ఈ అనుభవంతో ఆయన నేర్చుకున్న పాఠం ఒకటే: ఆఫీసు వాడు నవ్వితే జేబు తడుముకోవాలి.

యంత్రం బావమరిది చేసింది. అతను వెల్డింగు పనివాడు. ఒక కొసన పుల్లలు వేస్తే రెండో కొసన కట్టిన చీపురు పడుతుంది. చేత్తో ఒకటి కట్టేలోపు అది పది కడుతుంది. చిక్కల్లా కరెంటుతోనే. ఇంటి కరెంటు మీద పావుగంట నడిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. ఒక ఆసుపత్రి నెలాఖరుకి మూడు వేల చీపుర్లు అడిగింది. త్రీ ఫేజ్ కరెంటు రాకపోతే ఆ బేరం పోయినట్టే.

కొత్త యంత్రం కనిపెట్టినవాళ్ళకి కరెంటు ఇప్పించే పథకం రెండు ఆఫీసుల్లోనూ ఉంది. ఒక గింజ మొలవకపోతే ఇంకోటైనా మొలుస్తుందని షావుకారు రెండు చోట్లా దరఖాస్తు పెట్టాడు. 'మరెక్కడా దరఖాస్తు చేయలేదు' అని రెండు చోట్లా సంతకం కూడా పెట్టాడు. తీరా రెండు గింజలూ ఒకే రోజు మొలిచాయి: యంత్రం చూడటానికి పదింటికి వస్తామని మున్సిపాలిటీ, పన్నెండింటికి వస్తామని మండలి కబురు పెట్టాయి.

"ఇరవై ఏళ్ళు కాళ్ళరిగేలా తిరిగినా రానివాళ్ళు ఇద్దరూ ఒక్క రోజే వస్తున్నారంటే ఏమిటర్థం? ఎవరో ఉప్పందించారు," అంటూ బావమరిది వంక చూశాడు.

"నన్ను చూస్తావేం బావా? దొరికితే తోస్తూ దొరికేది నేనే."

"అక్కాతమ్ముళ్ళు ఒకటేగా. ఎవర్ని నమ్మేది?"

"నన్ను కూడా అనుమానించారూ? సరిపోయింది," అంది భార్య. "మీ నీడ ఎవరి పక్షమో కూడా ఓసారి కనుక్కోండి."

పదయింది. పదకొండయింది. మున్సిపాలిటీ అధికారి జాడ లేదు. పదకొండున్నరకి షావుకారు ఓపిక చచ్చిపోయి యంత్రాన్ని పెరట్లోకి తోసేద్దామన్నాడు. అక్కాతమ్ముళ్ళు వంటింట్లోకి వెళ్ళి లాగారు, ఆయన ఇటు నుంచి తోశాడు. నడిమి గుమ్మంలో యంత్రం కీచుమని ఆగిపోయింది.

"ఏరా, ఏమైంది?"

"పిడి అడ్డుపడింది బావా. తోయడానికి వీలుగా ఉంటుందని పొద్దున నువ్వే కదా పిడి అతికించమన్నావు!"

"గుమ్మం కొలవలేదా?"

"పిడి అన్నావు గానీ గుమ్మం అనలేదుగా."

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. మున్సిపాలిటీ అధికారి, గంటన్నర ఆలస్యంగా. అదే క్షణాన పెరటి తలుపూ చప్పుడైంది. మండలి అధికారిణి, అరగంట ముందుగా. గుమ్మానికి ఇటు షావుకారు, అటు అక్కాతమ్ముళ్ళు. నడుమ యంత్రం, బిరడాలా.

"సగమే కనిపిస్తోందేమిటండీ?" అన్నాడు ముందు గదిలో అధికారి.

"మిగతా సగం లోపలుందండీ. వేడెక్కుతుందని," అన్నాడు షావుకారు చెమట తుడుచుకుంటూ.

"నడిపి చూపించండి."

"నడిపి చూపించండి," అంది అవతల అధికారిణి కూడా.

యంత్రం గర్జించింది. భార్య అటు పుల్లలు వేస్తుంటే ఇటు చీపుర్లు పడుతున్నాయి. అధికారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఏమీ వేయకుండానే వస్తున్నాయే!" అని అరిచాడు. అవతల అధికారిణి కళ్ళు చిన్నవయ్యాయి. "ఎంత వేసినా ఒక్కటీ రాదేం?" అని ఆవిడా అరిచింది.

ఫ్యూజు ఎగిరిపోయింది. నిశ్శబ్దంలో ఎవరి గొంతు ఎవరిదో ఇద్దరికీ తెలిసిపోయింది. ఇద్దరూ వంగి యంత్రం కింద నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇక కేసు ఖాయమని షావుకారు గోడకి జారగిలబడ్డాడు.

"మీరా? మా లబ్ధిదారుణ్ణి ఎగరేసుకుపోవడానికి వచ్చారా?" అన్నాడు అధికారి.

"మొన్న మా సబ్బులావిడని ఎగరేసుకుపోయింది ఎవరండీ?" అంది అధికారిణి.

షావుకారుకి ప్రాణం లేచొచ్చింది. వారంలో ఏడాది లెక్క ముగుస్తుంది, ఇద్దరి చేతిలోనూ చూపించుకోవడానికి నడిచే యంత్రం ఇదొక్కటే. దొంగ సంతకాల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. సరుకు ఒకటి, బేరగాళ్ళు ఇద్దరు! ఇలాంటి రోజు ఏ వ్యాపారికైనా జన్మకోసారి వస్తుంది.

"ముందు కరెంటు ఎవరిస్తే యంత్రం వారిదండీ," అన్నాడు గొంతు సవరించుకుని.

ఇద్దరూ పోటీపడి ఫోన్లు చేశారు. పైవాళ్ళు పైవాళ్ళతో మాట్లాడుకున్నారు. సాయంత్రానికల్లా నాలుగు పేజీల ఒప్పందం తయారైంది: ఇది ఉమ్మడి ఆదర్శ ప్రాజెక్టు, స్తంభం మండలిది, మీటరు మున్సిపాలిటీది. రసీదును కూడా వెనక్కి తిప్పి వెలుతురుకి పట్టి చూసే మనిషి, వీళ్ళెక్కడ మనసు మార్చుకుంటారోనన్న అనుమానంతో చదవకుండానే నాలుగు చోట్ల సంతకం పెట్టేశాడు.

మూడో రోజున త్రీ ఫేజ్ కరెంటు వచ్చింది. నెలాఖరుకి మూడు వేల చీపుర్లూ ఆసుపత్రి చేరాయి. ఆ మర్నాడు బావమరిది పిడి కోయడానికి రంపం తీశాడు. అప్పుడు చదివారు ఏడో షరతు: యంత్రం ఇరు పక్షాలకూ సమానం కనుక, హద్దు మీద నుంచి అయిదేళ్ళ పాటు అటు జానెడు గానీ ఇటు జానెడు గానీ జరపరాదు.

"వంటిల్లు ఇటుంది కదండీ!" అంది భార్య, యంత్రం అవతల నుంచి.

ఆ రోజు నుంచీ చీపుర్ల షావుకారు రెండు పూటలా సందు చుట్టూ నడిచి, ఊరు దాటి వెళ్ళి భోంచేసి వస్తున్నాడు.